గులకరాళ్ళ ట్యాంకులో బొమ్మిడాయి: మందు తర్వాత, ముందు ఇసుక

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాలకొల్లు దగ్గర కాలువలో మీ నాన్నగారు పెట్టిన మావులో, అంటే చేపలు పట్టే బుట్టలో, జానెడు బొమ్మిడాయి ఒకటి ప్రాణంతో పడింది. పులుసులోకి పోనివ్వకుండా మీరు దాన్ని రెండడుగుల ట్యాంకులో వేశారు. అడుగున రంగు గులకరాళ్ళు, పైన గప్పీలనే చిన్న రంగు చేపలు. వారం దాటినా గింజల మేత ముట్టడం లేదు. పగలంతా ఫిల్టర్ వెనక నక్కి ఉంటోంది. మూతి మీద తెల్లటి మచ్చ వచ్చింది. గప్పీలు కూడా రెండు తగ్గాయి. షాపులో ఆకుపచ్చ మందు ఇచ్చి వేయమన్నారు, వేయమంటారా?

వేయకండి. సీసా పక్కన పెట్టి, ముందు ఆ గులకరాళ్ళు తీసేయండి. పగలు ఇసుకలో దూరి, మూతి కొస, కళ్ళు మాత్రం బయటికి పెట్టుకుని పడి ఉండే జాతి అది. ఇసుక లేకపోతే రాళ్ళలోనే దూరాలని చూస్తుంది, మూతి గీరుకుపోతుంది. మీరు చూసిన మచ్చ చాలావరకు ఆ గీరుడే అయి ఉంటుంది. ఇక తిండి సంగతంటారా, గప్పీలు రెండు తగ్గాయని మీరే రాశారు కదండీ. బొమ్మిడాయి అసలేమీ తినడం లేదని నేనైతే అనుకోను.

అయితే మీ దగ్గరున్నది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ట్యాంకు సైజు దాన్ని బట్టే ఉంటుంది. మన బజార్లలో బొమ్మిడాయిలని కుప్ప పోసి అమ్మేవాటిలో ఒకటికి మించి జాతులుంటాయి. అన్నిటికీ వీపు రెక్క మొదలయ్యే ముందు విడివిడిగా చిన్న ముళ్ళ వరస ఉంటుంది. చేప కుదురుగా ఉన్నప్పుడు అవి ఒంటికి అంటుకుపోయి కనిపించవు, బెదిరితే లేస్తాయి. ఇప్పుడు తోక చూడండి. వీపు రెక్క, కింది రెక్క వచ్చి తోకలో కలిసిపోయి, ఒంటి మీద ముదురు గోధుమ రంగులో వల అల్లినట్టు గీతలుంటే అది మాస్టసెంబెలస్ ఆర్మేటస్. అక్వేరియం షాపుల్లో టైర్ ట్రాక్ ఈల్ అని అమ్మేది అదే. నదిలో 90 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప అది. తోక రెక్క విడిగా ఉండి, వీపు రెక్క ఒంటితో కలిసే చోటు పొడవునా కళ్ళలాంటి నల్ల చుక్కలుంటే మాక్రోగ్నాతస్ ఆరల్. ట్యాంకులో అడుగు దాటి పెరుగుతుందనుకుని ఏర్పాటు చేసుకోండి. తోక విడిగానే ఉండి ఆ కళ్ళ చుక్కలు లేకపోతే పాంకలస్ అయ్యే అవకాశం ఎక్కువ. అది 18 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో పెంచుకోవడానికి నన్నడిగితే ఈ మూడింటిలో పాంకలసే మంచిది.

ఇవేవీ నిజానికి ఈల్స్ కావు, ఒళ్ళు మాత్రమే అలా ఉంటుంది. మన కాలువల్లో దొరికే అసలు ఈల్ మలుగుపాము. వీపు మీద ముళ్ళుండవు, నున్నగా బొద్దుగా ఉంటుంది. సముద్రంలో పుట్టి, ఏటి నీళ్ళలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రానికి పోయే చేప అది. మీటరు దాటి పెరుగుతుంది, గాజు పెట్టెలో ఎప్పటికీ కుదురుకోదు. మీ వలలోకి ఎప్పుడైనా అది వస్తే ఇంటికి తేకండి.

పాంకలస్‌కి మూడడుగుల ట్యాంకు సరిపోతుంది. ఆరల్‌కి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కావాలి, అంటే దాదాపు 250 లీటర్లు. ఆర్మేటస్ అయితే అది కూడా ఏడాది రెండేళ్ళ ముచ్చటే. ఆరడుగుల ట్యాంకు పెట్టే ఉద్దేశం లేకపోతే కాలువలో వదిలేయడమే మేలు, ఎలాగో చివర్లో చెబుతాను. ఎత్తు గురించి పట్టించుకోకండి. ఈ చేపకి కావలసింది నేల వైశాల్యం. మీ రెండడుగుల ట్యాంకులో నీళ్ళు యాభై లీటర్లు ఉంటాయేమో, కొన్నాళ్ళు తాత్కాలికంగా సరిపోతుంది.

ఇప్పుడు ఇసుక. మనం గోదావరి ఒడ్డున ఉన్నాం కాబట్టి ఇది కొనుక్కునే వస్తువు కాదు. ఇల్లు కట్టేవాళ్ళ దగ్గర ప్లాస్టరింగ్‌కి జల్లించిన ఏటి ఇసుక అడిగి తెచ్చుకోండి, సిమెంటు కలవకుండా చూసుకోండి. గుప్పెడు తీసి రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. చురుక్కుమంటే చేపకి కూడా చురుక్కుమంటుంది. దానికి పొలుసులు చాలా చిన్నవి, చర్మం పలచన. రోబో శాండ్ అసలు వద్దు, అది రాయి కొట్టి చేసింది, అంచులు పదునుగా ఉంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళు బీచ్ ఇసుక తెస్తామంటారు, చూడడానికి మెత్తగా బాగుంటుంది కూడా. కానీ అందులో ఉప్పుతో పాటు గవ్వల పొడి ఉంటుంది. అది మెల్లగా కరిగి నీళ్ళలో సున్నం పెంచుతుంది. అనుమానముంటే చెంచాడు ఇసుక మీద వెనిగర్ వేసి చూడండి, బుడగలొస్తే పక్కన పడేయండి.

బకెట్‌లో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఓపిక కావాలి, ఒక పూట పోతుంది. మందం మూడంగుళాలు ఉండాలి. నాలుగడుగుల ట్యాంకుకి దాదాపు అరవై కిలోలు పడుతుంది. నీళ్ళు, ఇసుక, గాజు కలిపి మూడు వందల కిలోలు దాటుతుంది కాబట్టి స్టాండు ఆ బరువుకి తగినదేనా అని చూసుకోండి. టీవీ బల్ల మీద పెట్టే బరువు కాదిది.

ఇసుక పోసిన రోజు కూర్చుని చూడండి, పెంచినందుకు ఆ ఒక్కటీ చాలు. ముందు అడుగంటా తిరిగి వాసన చూస్తుంది. మూతి చివర కండ ఒకటి సాగి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు సన్నటి గొట్టాలు. అవే దాని ముక్కు రంధ్రాలు. నచ్చిన చోట తల వంచి మూతిని చకచకా కదుపుతుంది. ఇసుక నలిగి దారి ఇస్తుంది. ఆ తర్వాత ఒళ్ళంతా ఒక్కసారి మెలిక తిరిగి, తోక కూడా లోపలికి జారిపోతుంది. కాసేపటికి కాస్త పక్కగా మూతి కొస, రెండు కళ్ళు పైకి వస్తాయి. ఆ రోజు నుంచి పగలు మీకు కనిపించేది అంతే. చుట్టాలొచ్చి ‘ఖాళీ ట్యాంకు పెట్టుకున్నావేంటి’ అంటారు, అననివ్వండి.

ఇసుకలో రాళ్ళు పెట్టాలనుకుంటే ముందు రాయిని గాజు అడుగు మీద ఆనించి, తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, చేప కింద తవ్వుకుంటూ పోయినప్పుడు దాని మీదే కూలుతుంది. అండర్ గ్రావెల్ ఫిల్టర్, అంటే అడుగున పరిచే ప్లేటు ఫిల్టర్, ఉంటే తీసేయండి, చేప ఆ ప్లేటు కిందికి దూరి ఇరుక్కుంటుంది. స్పాంజి ఫిల్టర్ చాలు. చేప తిరగని మూలల్లో ఇసుక అడుగున నల్లబడి కుళ్ళిన వాసన వస్తుంది. వారానికోసారి ఒక మూల చొప్పున పుల్లతో మెల్లగా కదిలిస్తూ ఉంటే ఆ బాధ ఉండదు. ఒకేసారి మొత్తం కెలకొద్దు. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు ముక్కలు రెండు అడుగున పడేయండి. ప్లంబర్ వదిలేసినవి చాలు, కోసిన అంచులు మాత్రం ఉప్పుకాగితంతో రుద్దండి.

ఇసుక తర్వాత మూత. చనిపోయిన బొమ్మిడాయిల్లో చాలావాటి చావు ట్యాంకు బయట, సోఫా కిందే. ఎయిర్ పైపు పట్టుకుని పాకుతుంది. వైరు పోయే సందు చాలు, ముందు తల దూరుస్తుంది, మిగతాది దానంతటదే వస్తుంది. కిటికీలకి వేసే దోమల మెష్ ఫ్రేముకి బిగించి పైన పెట్టి, నాలుగు మూలలా బరువు పెట్టండి. వైర్లు పోయే చోట స్పాంజి ముక్క కుక్కండి. నీటి మట్టం అంచుకి నాలుగంగుళాలు కిందే ఉంచండి. కొత్తగా తెచ్చిన రాత్రులు, నీళ్ళు మార్చిన రాత్రి ఎక్కువ జాగ్రత్త. ఒకవేళ తెల్లారి నేల మీద ఎండినట్టు కనిపించినా చనిపోయిందని చెత్తలో వేయకండి. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపు బయట కొంతసేపు ప్రాణం నిలుపుకోగల చేప అది. ట్యాంకు నీళ్ళలోనే, ఎయిర్ బుడగల దగ్గర వదిలి గంటసేపు చూడండి.

మేత సంగతికి వద్దాం. గింజల మేత మర్చిపోండి. కాలువలో అది తినేది పురుగులు, వానపాములు, చిన్న రొయ్యలు, చేపపిల్లలు. అదీ చీకటి పడ్డాక. మీరు పొద్దున తొమ్మిదింటికి పైన గింజలు చల్లితే, ఇసుకలో నిద్రపోయే చేపకి ఏం తెలుస్తుంది? గాలానికి గుచ్చే ఎర్రలు, అదే వానపాములు, దీనికి అన్నిటికంటే ఇష్టం. అవి ఎక్కడ తవ్వుతున్నారన్నది చూసుకోండి. వరిచేను గట్టున వద్దు, గుళికల మందు వేసిన మట్టిలో ఎర్ర బతికే ఉన్నా చేపని చంపుతుంది. పశువుల పాక వెనక, అరటి బోదెల కింద, మందు కొట్టని పెరట్లో తవ్వండి. కోనసీమ వైపు కొబ్బరి పీచు పొట్టు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది కదా, అది తడిపి పిండి ఒక డబ్బాలో వేసి, ఎర్రల్ని రెండు రోజులు అందులో ఉంచండి. కడుపులో మట్టి పోయి శుభ్రపడతాయి. నీడలో పెడితే వారాల తరబడి బతుకుతాయి కూడా.

లైట్లు ఆర్పాక గంట ఆగి, ఎర్రని కడిగి, చేప నోటికి తగ్గట్టు ముక్కలు చేసి, పొడవాటి పటకారుతో దాని మూతికి బెత్తెడు దూరంలో ఇసుక మీద పెట్టి వచ్చేయండి. ఫోన్ లైటు వేసి చూస్తూ నిలబడకండి. రోజూ ఒకే చోట పెట్టాలి. ముందు గొట్టాల ముక్కు కదులుతుంది, తర్వాత మూతి ఇసుకలోంచి లేస్తుంది, ఒక్క లాగుతో ముక్క మాయమవుతుంది. పొద్దున మిగిలి ఉంటే తీసేయండి. నాలుగైదు రోజులు ముట్టకపోయినా టెన్షన్ పడొద్దు, కాలువ నుంచి వచ్చిన చేప బెదురు తీరడానికి టైమ్ పడుతుంది. తల వెనక మెడ భాగం సన్నబడి, వీపు కత్తి అంచులా తేలితేనే కంగారు పడాలి. ఎర్రలకి మరిగాక పొట్టు తీసిన పచ్చి రొయ్య ముక్కలు కలుపుతూ పోండి. భీమవరం చుట్టుపక్కల ఉండి వెనామీ రొయ్యకి కరువేముంది. కానీ రొయ్య ఒక్కటే నెలల తరబడి పెట్టొద్దు, మార్చి మార్చి పెట్టండి. ఎండు రొయ్యపొట్టు మాత్రం అసలు వద్దు, ఉప్పు ఉంటుంది. మురుగు కాలువల్లో తీసే ట్యూబిఫెక్స్ పురుగులు కూడా అంతే, మేతతో పాటు రోగాన్ని కొనుక్కోవడమే. చిన్నదైతే రోజూ, పెద్దదైతే రోజు విడిచి రోజు మేత చాలు.

ఆ ఆకుపచ్చ మందు మాలకైట్ గ్రీన్ అయి ఉండాలి. తినే చేపల చెరువుల్లో దాన్ని వాడకూడదని నిషేధించారు. పొలుసులు సరిగా లేని చేపలు ఈ మందుకి, రాగి ఉన్న మందులకి, ఫార్మలిన్‌కి తట్టుకోవు. సీసా మీద రాసిన మోతాదు గోల్డ్‌ఫిష్‌లని దృష్టిలో పెట్టుకుని రాసింది. మీ చేపకి మూతి మీద ఒక్క చోటే మచ్చ ఉంటే ఏ మందూ అక్కర్లేదు. మెత్తటి ఇసుక, రెండు రోజులకోసారి పావు వంతు నీళ్ళు మార్చడం, లీటరుకి ఒక గ్రాము లెక్కన రాళ్ళ ఉప్పు చాలు. ఉప్పుని బకెట్ నీళ్ళలో పూర్తిగా కరిగించి రెండు మూడు దఫాలుగా పోయాలి, ఉప్పు పలుకుల్ని నేరుగా ట్యాంకులో వేయొద్దు. నీళ్ళు మార్చినప్పుడు, మార్చిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే కలపండి. రవ్వ చల్లినట్టు ఒంటి నిండా, రెక్కల మీద కూడా తెల్ల చుక్కలొస్తే అది వేరే జబ్బు. అప్పుడు ఉప్పు నాలుగు రోజుల మీద మెల్లగా లీటరుకి రెండు గ్రాములకి పెంచి, ఎయిర్ కూడా పెంచండి. మచ్చ ఎర్రబడి లోతవుతుంటే చేపని విడిగా పెట్టి, అక్వా డాక్టరుకి చూపించండి. మన జిల్లాల్లో ఆ సౌకర్యం ఉండనే ఉంది.

నీళ్ళ విషయంలో కూడా అంతే. వేరే ఊళ్ళ వాళ్ళు టెస్ట్ కిట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. మనకి రొయ్యల చెరువుల పుణ్యమా అని చాలా ఊళ్ళలో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు ఉంది. సీసాలో ట్యాంకు నీళ్ళు తీసుకెళ్ళి అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూడమనండి. కొత్త ట్యాంకులో మొదటి నెల, నెలన్నర ఈ అమ్మోనియాతోనే ప్రమాదం. కానీ అక్కడ అమ్మే చెరువు మందులు తెచ్చి ట్యాంకులో పోయకండి. వాటి మోతాదు ఎకరాల లెక్కన ఉంటుంది. అక్కడ కొనాల్సింది ఒక్క హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ విరగడానికి వంద లీటర్లకి ఒక గ్రాము మామూలుగా సరిపోతుంది.

ఏప్రిల్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేశాక మాత్రం సంగతి వేరు. అప్పుడు కుళాయిలో వచ్చేది ఊరి చెరువులో నిల్వ ఉంచిన నీళ్ళు, బ్లీచింగ్ కూడా గట్టిగా వేస్తారు. వాసన ముక్కుకి తగిలితే హైపో వేసి, డ్రమ్ములో ఒక రోజు ఎయిర్ పెట్టి ఉంచాకే వాడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎండలు కూడా. 25 డిగ్రీల నీళ్ళలో లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ ఇముడుతుంది, 32 డిగ్రీలకి అది ఏడుకి కాస్త పైన మాత్రమే. మధ్యాహ్నం కరెంటు పోతే ఎయిర్ కూడా ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచుకోండి. మూత మెష్‌తో చేసుకోమన్నది ఇందుకు కూడా, పైన టేబుల్ ఫ్యాను పెడితే నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. ఆ కాస్త ఉప్పు బొమ్మిడాయికి ఇబ్బంది కాదు.

మిగిలిన గప్పీలని వేరే చోటికి మార్చండి, లేదా అవి మేతే అని ఒప్పుకోండి. నోట్లో పట్టని సైజు పరిగెలు, గౌరామీలు పక్కన ఉండొచ్చు. ఫ్లవర్‌హార్న్, కొర్రమీను వద్దు, ఇదే వాటికి మేతవుతుంది. గొరక కూడా ముక్కోపి, తోక కొరుకుతుంది. రెండో బొమ్మిడాయి వేయాలంటే ట్యాంకు పెద్దదై, దాక్కునే చోట్లు ఎక్కువుండాలి, లేకపోతే ఒకదాన్నొకటి తరుముకుంటాయి.

ఇసుక మార్చేటప్పుడు చేపని బయటికి తీయాలి కదా, వలతో మాత్రం తీయకండి. వీపు ముళ్ళు లేచి దారాల్లో చిక్కుకుంటాయి, విడదీసేటప్పుడు చేపకీ గాయం, మీ వేలికీ గాయం. ఇంగిలాయి ముల్లులా విషముండదు గానీ సూదిలా దిగుతుంది. చేప పైపులోకి దూరేదాకా ఆగి, రెండు చివరలా తడి అరచేతులు మూసి, పైపుతో సహా ఎత్తి మూతున్న బకెట్‌లోకి మార్చండి. బజార్లో చేపలు శుభ్రం చేసే ఆడవాళ్ళు బొమ్మిడాయిని బూడిదలో రుద్దేది ఒంటి జిగురు వదలడానికే. బతికున్న చేపకి రోగాన్ని ఆపేది ఆ జిగురే. పొడి చేత్తో, గుడ్డతో పట్టుకుంటే అది ఊడిపోతుంది.

అది ఆర్మేటస్ అని తేలి వదిలేయాలనుకుంటే ఒక్క మాట. షాపు చేపలతో కలిసి ఉన్న చేపని నేరుగా కాలువలో వేయకూడదు, వాటి జబ్బులు కూడా కాలువలోకి పోతాయి. గప్పీలు లేని ట్యాంకులో మూడు వారాలు విడిగా ఉంచి, ఒంటి మీద మచ్చలేమీ లేవని చూసుకున్నాక, పట్టిన కాలువలోనే, నీళ్ళు పారే రోజుల్లో, సాయంత్రం వదలండి. ట్యాంకు గాజు నాకే సక్కర్ చేపని కూడా పనిలో పనిగా వదిలేద్దామని మాత్రం అనుకోకండి. ఈమధ్య వలల్లో పడి జాలర్లని ఏడిపిస్తున్న దెయ్యం చేప అదే.